కొట్టులో చీటీలు

ఇనుప సామాన్ల కొట్టులో డబ్బాలన్నిటి మీదా తన ఏడేళ్ల కూతురు ఇంగ్లీషులో రాసి అంటించిన చీటీలు కనబడగానే, కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. గల్లాపెట్టె దగ్గర మామగారు మేకులు తూస్తున్నారు.

"మామయ్యగారూ, ఇన్ని తప్పులా! కొనేవాళ్లు నవ్విపోరూ?"

"నవ్వినవాళ్లూ కొనుక్కునే వెళ్లారమ్మా."

"అంతా ఆ బడిలో, పలికినట్టే రాయమని నేర్పే శబ్దాల పద్ధతి వల్లే. రేపట్నుంచి ట్యూషన్‌లో పడేస్తా. పదానికి పదిసార్లు రాయిస్తే అదే దారికొస్తుంది."

"పోయిన నెల నువ్వూ రాయించావుగా, ఏమైంది?"

"పెన్సిలు ముట్టుకోవడం మానేసింది."

"ఇక్కడ నలభై చీటీలు రాసింది. నేను అడగనేలేదు. మాటను మెల్లగా పలుక్కుంటూ, శబ్దానికో మేకు చొప్పున బల్ల మీద పేర్చి, అప్పుడు రాసింది."

"ఎలా రాసినా తప్పు తప్పే కదండీ."

"ముందు సరుకు దిగనీ అమ్మాయ్, మెరుగు తర్వాత పెట్టుకోవచ్చు. సరుకే రాకపోతే దేనికి పెడతావు?"

కోడలు డబ్బాల వంక మళ్లీ చూసింది.

"వీటి మీద అతికించిన నమూనా మేకులూ మరలూ ఏవి? ముప్పై ఏళ్లుగా వాటిని చూసేగా మీరు సరుకు తీసేది?"

"పీకేశాను. ఇప్పుడు చీటీ కూడబలుక్కుని తీస్తున్నా. నీ కూతురే నేర్పింది."

కోడలు లోపలికొచ్చి, ఊడిపోతున్న ఒక చీటీ అంచును వేలితో నొక్కింది.

"మీ క్లాసు ఎన్నింటికి?"

"బడి వదలగానే."

"అయితే దాన్ని ఇక్కడికే పంపిస్తా. మీరు మాత్రం హోంవర్కు ఎగ్గొట్టకండి."