ఎడమ పక్క కప్పు

గోనెపట్ట పరవమంటే పరుస్తాను, నాకేం. నీ పెళ్లి, నీ టేబుళ్లు. కాకపోతే మా ఊళ్లో గోనెపట్టలో బంగాళాదుంపలొస్తాయి కొరిన్. దాన్ని టేబుల్ మీద పరిచి విందు పెట్టడం నేనిదే చూడటం. మీ మినియాపొలిస్ పట్నంలో పరుస్తారు కాబోలు.

ఊరికే నిలబడకు, ఆ కొస పట్టుకో. ముందు తెల్ల కాయితం పడాలి. మా చర్చి కింది హాల్లో ఎవరి పెళ్లికైనా ముందు తెల్ల కాయితమే. దాని మీద నీ గోనె. అంచు బెత్తెడు దిగాలి. అంతకంటే దిగితే పిల్లలు లాగుతారు, కాఫీ పెద్దవాళ్ల ఒళ్లోకొస్తుంది.

ఈవిడే ఎందుకు సర్దుతోందీ అనుకుంటున్నావు కదూ. అనుకో, తప్పులేదు. చర్చి ఆడవాళ్లం నాలుగు జట్లు, నెలకో జట్టుది వంతు. ఆగస్టు మాది. పెళ్లొచ్చినా చావొచ్చినా ఆగస్టులో టేబుళ్లు మావే. మా అక్క మార్లిస్ పోయిందీ ఆగస్టులోనే. "ఈ ఒక్కసారికీ నాకొదిలెయ్ ఆర్డిస్" అంది మా జట్టులో ఒకావిడ. నీకొదిలితే అంచులు వంకర పోతాయన్నాను. అక్క చావు భోజనాలకీ ఈ కాయితం నేనే పరిచాను.

ఇప్పుడు మా బావ ఆర్విడ్ రెండో పెళ్లికీ నేనే. అక్క స్థానంలోకొస్తున్నావు గనక నిన్ను అక్కా అనాలేమో. నాకంటే పన్నెండేళ్లు చిన్నదానివి, అనలేను.

మనిషికో చిన్న కాయితం గిన్నె. అందులో ఆరు మింటు బిళ్లలు, నాలుగు వేరుశనగ పప్పులు. ఎందుకని అడక్కు. అవి లేకపోతే ఇక్కడ పెళ్లయిందని ఎవరూ ఒప్పుకోరు. ఆర్విడ్ పచ్చ బిళ్లలు తినడు, పక్కవాళ్ల గిన్నెలో పడేస్తాడు. రేపు పక్కన నువ్వే. సిద్ధంగా ఉండు.

అదేంటి, ఆర్విడ్ కాఫీ కప్పు కుడి పక్కకెందుకు జరిపావు?

ఎడమ పక్క పొరపాటున పెట్టాననుకున్నావా. కూర్చో కాసేపు. ఆయనది ఎడమచేతి వాటం కదా. తెలుసు నీకు, తెలీకేం. టేబుల్ సర్దేటప్పుడు గుర్తురాదు, అంతే. నాకూ మొదట్లో గుర్తుండేది కాదు.

అక్కని సాగనంపాక వచ్చిన ఆదివారం, చర్చి నుంచి సరాసరి మా ఇంటికొచ్చాడు. నేను రమ్మనలేదు, ఆయన రానా అనలేదు. కూర్చున్నాడు, పెట్టాను. ఆ తర్వాత పదకొండేళ్లు, ప్రతి ఆదివారం. మంచు తుఫానుకి రెండంటే రెండు తప్పిపోయాయి. వెళ్లేటప్పుడు టోపీ పెట్టుకుంటూ "ఫరవాలేదు ఆర్డిస్" అనేవాడు. మా వాళ్ల నోట అంతకు మించిన పొగడ్త నేను వినలేదు.

మొన్న మే నెలలో ఓ ఆదివారం, తినడం ఆపి గొంతు సవరించుకున్నాడు. "ఆర్డిస్, నీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు. నేను వంటింటి ఏప్రన్ విప్పేసి కుర్చీకి తగిలించాను. ఎందుకంటే, ఏం చెప్పను. పదకొండేళ్లు ఎదురుచూసిన మాట, ఏప్రన్‌తో వినబుద్ధి కాలేదు.

చెప్పాడు. నీ పేరు చెప్పాడు.

మంచిదే కదా అన్నాను. ఏప్రన్ మళ్లీ కట్టుకుని వెళ్లి కేకు తెచ్చాను. ఆయన రెండు ముక్కలు తిన్నాడు.

ఏడవకు, గోనె మీద మరక పడితే పోదు. ఇందులో నీ తప్పేముంది. నువ్వప్పటికి నన్ను చూడను కూడా లేదు. ఆయన తప్పూ లేదు, నేను నోరు విప్పి ఏనాడూ చెప్పలేదు. కూర మాత్రం మళ్లీ మళ్లీ వడ్డించాను. అర్థమవుతుందనుకున్నాను. ఈ కప్పు కూడా ఆలోచించి పెట్టింది కాదు, చెయ్యి అలవాటున పెట్టేసింది.

ఎడమ పక్కకే పెట్టు. పిడి బయటికి తిప్పు. ఆ, అలాగే. మీ ఇంట్లో కూడా అలాగే పెట్టు, ఆయన నోరు తెరిచి అడగడు.

నా సంగతా. ఎల్లుండి ఆదివారం, వండుకుంటాను. ఒక్క మనిషికి వండటం ఇంతవరకూ రాలేదు. నేర్చుకోవాలి.

ఆ కొస సరిగ్గా పట్టుకో. నీ వైపు అంచు వంకర పోయింది.