ఎవరో కలిపిన పదం

1947 అక్టోబరు, సద్దుల బతుకమ్మ మరునాటి మధ్యాహ్నం. ఇబ్రహీంపట్నం పోలీసు పటేలు శంకరయ్య ఇంటి అరుగు. అతని ఎదుట, ఏటా ముందుండి పాట ఎత్తే మాణిక్యమ్మ. లోపల, తలుపు చాటున, పటేలు భార్య లక్ష్మమ్మ.

“ఇంకోపారి చెప్పు మాణిక్యమ్మా. మెల్లగ.”

“చెప్పుడేంది పటేలా, బతుకమ్మ పాట. ఊరంత పాడింది.”

“ఊరంతను పట్కపోడు ఠాణా అమీన్ సాబు. ఒక్క పేరడుగుతుండు. ఏదీ, గా పదం?”

“పోదమంటె కాళ్లకు ముల్లయితవు ఉయ్యాలో... ఉందమంటె కంచంల మన్నయితవు ఉయ్యాలో... ఓ నా పట్నమా...”

“మెల్లగ అన్న గద! ఎవరన్న ఇంటరు.”

“ఊరి మీద అలిగినం, అంతే. తిట్టుడూ ఉన్నది, మురిపెమూ ఉన్నది. కన్నతల్లిని అనమా?”

“కంచంల మన్ను పోసిందెవరే అంటడు. లెవీ వడ్లు గుంజిన సర్కారునే అన్నరంటడు. పాట ఎత్తింది నువ్వాయె.”

“ఎత్తింది నేనే. గా పదం నాది కాదు. చప్పట్లు కొట్టుకుంట తిరుగుతుంటే ఎవలకు తోస్తే వాళ్లు కలుపుతరు, మేం అందుకుంటం. నీకెరుక లేదా?”

“నాకెరుకనే. కలిపిందెవరు?”

“ఎవరో.”

“ఎవరో అంటే నీ పేరే పడుతది. పక్కూరోన్ని పట్కపోయిండ్రు గద, మల్లొచ్చిండా?”

“అట్లనకు పటేలా... సంటిపిల్ల తల్లిని. నీ కాళ్లు మొక్కుత.”

“కాళ్లిడువు! నాకు మటుకు భయం లేదా? అమీన్ సాబు మన్నెగూడ దాటిండట. కాయితం తయారు లేకుంటే నన్నే కట్టేస్తడు. చెప్పు!”

“చెప్ప... చెప్పలేను.”

“చెప్పలేవా? తెల్వదా?”

“జర మంచినీళ్లియ్యి పటేలా.”

“రాస్తున్న. నీ పేరే రాస్తున్న.”

“ఆమె పేరు రాయకు. నేను కలిపిన.”

“లక్ష్మీ! నువ్వు లోపటికి నడువు!”

“నడువ. గా పదం నాది. ఆమెను పోనియ్.”

“నీకు లెవీతోటి ఏం పనే?”

“లెవీ లేదు, సర్కారు లేదు. తల్లిగారూరు మంచాల నుంచి నీ ఇంటికొచ్చి ఇరవై ఏండ్లు. పోదమంటె పిల్లల మొకం, ఉందమంటె నీ మాటలు. గీ ఊరు నాదో కాదో నాకే తెల్వక పాడిన.”

“నా ఇంట్ల నీకేం తక్కువ చేసిన?”

“ఒర్రకు. గుర్రం సప్పుడైతుంది.”

“అవ్... గుర్రమే. ఆగుండ్రి... అయిపాయె, రాసిన.”

“నా పేరా?”

“పేరు తెల్వదని రాసిన. కలిపినామె గీ ఊరిది కాదు, పండుగకొచ్చి పోయిందని రాసిన. ఇగో, నా దస్కతు. మాణిక్యమ్మా, నువ్వు ఏలుముద్ర ఎయ్యి... సరే. మడిచి అంగి జేబుల పెట్టుకున్న. ఇగ ఎవరూ నోరిప్పొద్దు.”

“ఏమని రాసినవ్? గీ ఊరిది కాదనా?”

“నీ పానం కాయనీకే గదనే!”

“గా మాట ఇరవై ఏండ్ల కింద అనుంటే, గా పొద్దే మంచాలకు పొయ్యేదాన్ని.”