మసి అంటని మెషిన్

లాల్‌దర్వాజా గల్లీలో జొన్నరొట్టెల పొయ్యి చల్లారి ఉంది. రొట్టెలు కాల్చే ముసలామె పోయి నెల కూడా కాలేదు. పీల్చే గాలిలో పొగ ఎంతుందో కొలవడానికి ఆమె మెడలో వేసిన మెషిన్ వాపసు తీసుకోవడానికి వచ్చిన సర్వే పిల్ల, కోడలి ముందు ఫోన్ తెరిచి కూర్చుంది.

"అక్కా, మీ అత్తమ్మ పీల్చిన గాలి మస్తు సాఫ్ ఉన్నట్టు వచ్చింది. పొగనే లేదంట. మరి ఊపిరితిత్తులు గట్లెట్ల ఖరాబైనయి?"

"పొగ లేకుండ ఎట్లుంటది చెల్లె? పొద్దంత కట్టెల పొయ్యి ముందటనే ఉండె."

"మరి మెషిన్ల ఎందుకు రాలే?"

"పొయ్యి ముట్టిచ్చే ముందు తీసేది. పాత చీరముక్కల చుట్టి దేవుని గూట్ల పెట్టేది. రొట్టెలైనంక మొకం కడుక్కొని మళ్ల ఏసుకునేది."

"అయ్యో, పొయ్యి కాడ ఏసుకోమనే కదక్కా ఇచ్చింది!"

"నేను గూడ చెప్పిన. 'నమ్మి ఇచ్చిన సామాను, పొగకు ఖరాబైతే పాపం, గా సర్వే పిల్ల మాటలు పడాలె' అన్నది."

కోడలు గూట్లోంచి మూట తెచ్చి, విప్పి, మెషిన్ ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"మంచిగ చూసుకో చెల్లె. ఏం ఖరాబు కాలే."