ఓబులమ్మ ఆఖరి షరతు

ఓబులమ్మ జోల పాడితే ఉయ్యాల్లో బిడ్డే కాదు, వాకిట్లో కోళ్లు, కాడి కింద ఎద్దులు, ఎద్దుల్ని తోలే మనిషీ అందరూ నిద్రపోయేవాళ్లంట. నవ్వొద్దండి. ఒకసారి పక్కింటికి కన్నం వేయనొచ్చిన దొంగలు ఆమె పాట చెవినబడి, గునపాలు పట్టుకునే గోడకానుకొని గుర్రుపెట్టినారంట. తెల్లారి వాళ్లను లేపి కట్టేసింది మా తాతే అనుకోండి. ఏ ఇంట్లో తల్లిలేని బిడ్డ ఉన్నా ఆమె కోసం బండి కట్టేవాళ్లు. అట్లాంటి ఓబులమ్మ దగ్గరికి ఎర్రగట్టు కేశవరెడ్డి వచ్చినాడు. భార్య కాన్పులో పోయింది, ఇంట్లో ముసలితల్లి నారమ్మ తప్ప ఆడదిక్కు లేదు. మా ఇంట్లోనే ఉండి బిడ్డను సాకాల, ఏమియ్యమంటావో చెప్పమన్నాడంట.

ఆమె మొగమాటపడే రకం కాదు. ఏటా జొన్నలు ఇన్ని, కోకలు ఇన్ని అని ముందే తేల్చింది. మీరు తినే కూడే నాకూ పెట్టాల, మిగిలింది కాదు అనింది. అమాసకు అమాసకు మా ఊరికి పోయొస్తా, ఆ దినం కూలి కోయకూడదు అనింది. రెడ్డి అన్నిటికీ తలూపినాడు. పగటికెంతో రాత్రికీ అంతే అనేసరికి మాత్రం ఆ తల ఆగిపోయింది. పండుకున్నదానికి గూడా కూలి అడిగే మనిషిని నేను యాడా చూడలేదుమే అన్నాడంట. దానికామె, “నా ఒళ్లు పండుకుంటాది గానీ చెవి పండుకోదు రెడ్డీ. బిడ్డ మసిలితే లేసేది ఆ చెవే. కూలి దానికి,” అనింది. రెడ్డి సరే అన్నాడు.

ఇంకొకటుంది, అన్నిటికంటే అదే పెద్దది అనింది ఓబులమ్మ. “నా పని ముగిసినాక నన్ను పంపేస్తారు. పంపండి. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు మాత్రం వద్దు. నేను పోతాండానని బిడ్డకు నా నోటితో చెప్పి, ఆ బిడ్డ చూస్తా ఉండంగా పోవాల.” మీకు తెలిసిందే గదా, సాకినదాన్ని సాగనంపేది ఎప్పుడూ బిడ్డ నిద్రపోయినాకనే. మూట చేతికిచ్చి పెరటి తలుపు తీస్తారు. ఏడుపు వినబడదు, పీడా ఉండదు. అంతకుముందు పనిచేసిన ఇంట్లో ఓబులమ్మను అట్లనే పంపినారంట. ఆ పిల్లోడు లేసి ఆమెను గాదెలో వెతికినాడు, దొడ్లో వెతికినాడు. ఆనక ఏమైందంటే, కన్ను మూస్తే మనుషులు పోతారని వాడు కన్ను మూయడమే మానేసినాడు. ఆ సంగతి ఎవరో చెప్పిన దినమే ఓబులమ్మ ఈ షరతు పెట్టుకుంది. రెడ్డి విని, మాట ఇస్తాండా అన్నాడు.

బిడ్డ పేరు పాపక్క. అది పాకింది, నడిచింది, ఓబవ్వా ఓబవ్వా అంటా ఇల్లంతా తిరిగింది. పోను పోను రెడ్డికి రెండో పెండ్లి కుదిరింది. పెండ్లికూతురు వెంగమ్మ, దూరపు ఊరు. ఆ పిల్ల తరపువాళ్లు, మా పిల్ల గడపలో కాలుపెట్టేసరికి బిడ్డ ఇంకొకామె ఒళ్లో ఉండకూడదన్నారంట. పెండ్లి అక్కడే అయ్యింది. మధ్యాన్నం కొత్తజంట ఎక్కిన బండ్లు పొలిమేర దాకా వచ్చి, ఓబులమ్మ పోయేదాకా అని ఆగినాయి. ఇంట్లో చూస్తే పాపక్క నిద్ర. నారమ్మకు పండగే అనుకోండి. కొత్తకోడలు అడుగుపెట్టేటప్పుడు ఏడుపు వినబడితే కీడని ఆమె భయం. ఏమ్మే ఓబులా, ఇదే సమయం, లెయ్యి, జొన్నలు రెండింతలిస్తా, పాలిచ్చే ఆవునిస్తా, సద్దు చేయకుండా పో అనింది. ఓబులమ్మ ఇల్లు ఎట్లుండేదనుకున్నారు? వాన ముందు లోపల కురిసి, ఆనక బయట కురిసేది. ఆవంటే ఆమెకు మాటలా. ఆమె కంట్లో ఆవు కనబడింది, దూడ కూడా కనబడింది. కనబడినా లేయలేదు. “మాట రెడ్డిది, రెడ్డెమ్మా. బిడ్డ లేసేదాకా నేను లేయను,” అని గడప పక్కన కూర్చుంది.

ఆ నిద్ర మామూలు నిద్రా? ఓబులమ్మ జోలపాట నిద్ర. పొలిమేరలో ఎద్దులు మోకాళ్లేసినాయి, డప్పులోళ్లు పుల్లలు పైకెత్తినోళ్లు ఎత్తినట్టే నిలబడినారు, సూర్యుడు కొండ మీద గడ్డం ఆనించి చూస్తా ఉండిపోయినాడు. నారమ్మ తిట్టింది, దండం పెట్టింది, మళ్లీ తిట్టింది. ఆఖరికి పాపక్క లేసి కళ్లు నులుముకుంది. ఓబులమ్మ దాని ముందర కూర్చొని, “నేను మా ఊరికి పోతాండా బిడ్డా. మళ్లీ ఉండేదానికి రాను,” అని చెప్పింది. ఏమి లాభం? బిడ్డ ఏడ్చింది. ఆ ఏడుపుకు మూడు చేన్ల అవతల కొంగలన్నీ లేసిపోయినాయి. చూసినావా నీ షరతు చేసిన పని అనింది నారమ్మ. ఓబులమ్మ మూట చంకన పెట్టుకొని నడిస్తే, వేలు పట్టుకొని బిడ్డ ఏడ్చుకుంటానే పొలిమేర రాయి దాకా వచ్చింది.

అక్కడ వెంగమ్మ బండి దిగింది. బాసికం నుదుటి మీద అట్లనే ఉంది, ఇంకా పసితనం పోని మొగం. బిడ్డ ఎందుకేడుస్తాందని అడిగింది. ఓబులమ్మ చెప్పింది, “నేను పోతాండేది చూసి ఏడుస్తాందమ్మా. చూసి ఏడ్చిన ఏడుపు తగ్గుతాది. చూడకుండా ఏడ్చింది తగ్గదు. అందుకే బిడ్డ చూస్తా ఉండంగానే పోతానని ముందే షరతు పెట్టినా.” ఆ పిల్ల తల వంచుకొని, నీతో ఇవన్నీ ముందే మాట్లాడుకున్నారా, తిండీ, నిద్రా, పుట్టింటికి పోయొచ్చేదీ అని అడిగిందంట. మాట్లాడుకున్నామనింది ఓబులమ్మ.

“ఆ పనికే నన్నూ తెస్తాండారు. నాతో ఎవరూ ఏమీ మాట్లాడలేదు.”

ఓబులమ్మ ఆ పిల్ల పారాణి పాదాల దిక్కు చూసి, “నీ కాలు ఇంకా రాయి అవతలే ఉంది తల్లీ. నీ షరతులేవో ఇప్పుడే అడుగు,” అనింది. అని వేలు విడిపించుకొని నడిచిపోయింది. పాపక్క రాయిని పట్టుకొని, ఆమె కనబడినంతసేపూ చూసింది.

వెంగమ్మ రెడ్డిని పక్కకు పిలిచి చానాసేపు మాట్లాడిందంట. ఏమడిగిందంటారా? ఈ సీమలో ఏ ఇంటి గోడకు ఏ రాయి పెట్టినారో చెప్పగలవాణ్ణి, ఇదొక్కటి నాకు తెలీదు. ఆ పిల్ల మాట్లాడినంతసేపూ రెడ్డి తల వంచుకునే ఉన్నాడని, ఆ తల ఊపినాకనే ఆమె రాయి దాటిందని మాత్రం తెలుసు.