ఎక్కిన నంబరు

మదనపల్లె పోలీస్ స్టేషన్. 3-9-2025 బుధవారం, ఉదయం 10.40.

సార్ కూర్చోమనగానే, సార్‌కు బీపీ ఏమైనా ఉందా అని అడిగాను. రాసుకునే ఆయనను ఎన్నాళ్ల నుంచి ఆ దగ్గు అని అడిగాను. పక్కనున్న కానిస్టేబులమ్మను పాదాలు వాయడం లేదు కదా అని అడిగాను. ముందు నీ పేరు చెప్పమ్మా అన్నారు.

నా పేరు రెడ్డెమ్మ. వయసు 66. భర్త గంగప్ప, చనిపోయారు. టమోటా మండీలో కాయలు ఏరతాను. రెండో తరగతి చదివాను. అంకెలు తెలుసు. ఇంగ్లీషు రాదు.

నా కోడలు సుప్రియ, వయసు 31, బట్టలు కుట్టే కంపెనీలో పని. ఆమెకు నేను విషం పెట్టానని కుప్పంలో ఉండే ఆమె అన్న దేవేంద్ర ఫిర్యాదు ఇచ్చాడు. దాని గురించి చెబుతున్నాను.

జనవరి 20న డాక్టరు, బీపీ వల్ల సుప్రియ మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు. మాత్రలు మానకూడదన్నారు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించి చీటీ చూపించమన్నారు. ఆ రోజు క్రియాటినిన్ అనే నంబరు 1.9. నాకు భయం వేసింది. మనవరాలు వెన్నెల కడుపులో ఉన్నప్పుడు సుప్రియకు రక్తం 7 ఉండేది. నర్సమ్మ పదకొండుకు రావాలంది. రాగిసంకటి, ఆకుకూర పెట్టి పెట్టి పదకొండుకు ఎక్కించాను. ఈ 1.9 మరీ తక్కువ అనుకున్నాను.

ఫిబ్రవరిలో పుంగనూరు పోయి నాటువైద్యం చేసే ముద్దుకృష్ణ దగ్గర చూర్ణం తెచ్చి సుప్రియకు ఇస్తూ వచ్చాను. ఏప్రిల్ 21న నంబరు 2.6. సుప్రియ పని నుంచి వస్తూనే "ఎంత వచ్చిందత్తా?" అని అడిగింది.

"ఎక్కిందిలే, పో, కాళ్లు కడుక్కో" అన్నాను.

ఎక్కింది కదా అని డాక్టరు దగ్గరికి పోలేదు. నంబరు ఎక్కి బాగైందని ముద్దుకృష్ణకు చెబితే "అట్లయితే ఇంగిలీసు మాత్రలు యాలమ్మా, ఆపేయ్" అన్నాడు. ఆపేశాను.

జూలై 18న 4.1. ఆ రోజు బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేశాను. సుప్రియ సగం తిని "వికారంగా ఉండాదత్తా" అంది. "మందు పని చేస్తాండాదిలే" అన్నాను. ఆమె పాదాలు వాచాయి. చెప్పులు పట్టలేదు. నావి ఇచ్చాను.

ఆగస్టు 19 ఉదయం 7 గంటలకు కొళాయి దగ్గర పడిపోయింది. ఆస్పత్రిలో 9.3 అన్నారు. "ఇంత ఎక్కినాక యాల పడిందమ్మా?" అని డాక్టరమ్మను అడిగాను. ఆమె నన్ను కూర్చోబెట్టింది. తర్వాత చెప్పింది. మూత్రపిండాలు రక్తాన్ని వడగడతాయట. అవి పాడైతే రక్తంలో చెత్త మిగిలిపోతుందట. ఆ నంబరు చెత్త లెక్కట. చెత్త, సార్. చెత్త పెరిగిందని ఓళిగలు చేశాను. ఓళిగలు చేశాను.

నిన్న నా కొడుకు దిలీప్ "మా, నంబరు మంచిదని ఆయప్పే చెప్పినాడని రాయించు, నిన్ను వదిలేస్తారు" అన్నాడు. మాత్రలు ఆపమన్నది ముద్దుకృష్ణే. కానీ చీటీ అతను చూడలేదు. ఎక్కింది, బాగైంది అని చెప్పింది నేనే. మిగిలిన చూర్ణం పొట్లాలు మూడు ఇస్తున్నాను. నాలుగు ఉండేవి. విషమో కాదో చూద్దామని ఒకటి నేను తిన్నాను.

సుప్రియ ఇప్పుడు కుప్పంలో అన్న ఇంట్లో ఉంది. వారానికి రెండుసార్లు డయాలసిస్. పొద్దున ఫోన్ చేసింది. "మా అన్న కోపంగా ఉండాడు. అయినా సోమవారం ఆస్పత్రి కాడికి రా అత్తా. నంబరు మాత్రం నేను సదువుతా. నువ్వు నోరు మూసుకోని పక్కన కూర్చో" అంది.

రాసింది చదివి వినిపించారు. అంకెలు వేలు పెట్టి నేనే చూసుకున్నాను. కల్పించింది లేదు, దాచింది లేదు. సోమవారం కుప్పం పోవచ్చా అని అడిగితే సార్ పోవచ్చన్నారు. ఆ తేదీ కూడా ఇందులో రాయమన్నాను.

రెడ్డెమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

కుప్పం పోయేది: 8-9-2025, సోమవారం.