ఉదాహరణ లేని మాట

ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు మూడో ముద్రణ తయారయ్యే గది. బల్ల దగ్గర అక్క, గుమ్మంలో తమ్ముడు.

"ఒక్క కార్డు. ఒక్కటంటే ఒక్కటి. ప్రెస్సువాడు పొద్దుట్నుంచీ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడక్కా."

"చెయ్యనీ."

"ఎస్ అక్షరమంతా ఇచ్చేసి, ఆ 'సారీ' ఒక్కటీ పట్టుకుని కూర్చుంటే నేనేమనుకోవాలి?"

"అర్థం రాశాను. పుట్టుక రాశాను. ఉదాహరణ లేదు."

"దానికేముంది, 'లేటైంది, సారీ' అని రాసిపారెయ్."

"ఎవరన్నారు? ఎప్పుడన్నారు?"

"ఎవరో ఒకరు అనే ఉంటారు."

"మన చెవిన పడ్డ వాక్యమే రాయాలి. కింద అన్నవాళ్ల పేరు, తేదీ. అది నాన్న పెట్టిన పద్ధతి. ఆయన ఒక్క వాక్యం కూడా సొంతంగా అల్లలేదు. ఆయన కూర్చున్న గదిలో నన్ను అల్లమంటావా?"

"మొదలెట్టావూ. నాన్న, నాన్న."

"అనకూడదా?"

"నేనేమన్నాను? పుట్టుక ఏం రాశావో చదువు."

"మాట మార్చకు."

"కార్డు గురించేగా అడుగుతున్నా."

"'సోర్' నుంచి వచ్చింది. అంటే పుండు, నొప్పి. మొదట్లో ఆ మాట నొప్పి పడుతున్నవాడిది. ఇప్పుడు వాడేదేమో నొప్పి పెట్టినవాడు. అదీ సగం మంది కాలు తొక్కేసి, వెనక్కైనా తిరక్కుండా అనేసి పోతారు. నీకు ఆపాటి కూడా రాలేదు."

"మళ్లీ అదేనా?"

"అదే. మొదటి ముద్రణ అట్ట తిప్పితే నాన్న పేరు, నీ పేరు. పధ్నాలుగేళ్లు కళ్లు పోగొట్టుకున్న నా పేరు లేదు. ప్రూఫులో ఉంది, నేను చూశాను. ప్రెస్సుకు పట్టుకెళ్లింది నువ్వు. అచ్చయి వచ్చేసరికి లేదు."

"రెండో ముద్రణలో ఉందిగా. నా పేరుకంటే ముందే వేయించాను."

"వెయ్యమని అడిగానా? అప్పుడెందుకు కొట్టేశావని అడిగాను. మూడేళ్లుగా అడుగుతూనే ఉన్నాను."

"ఆ ఏడాది నువ్వు నాన్నతో పోట్లాడి ఆరు నెలలు ఇటు రాలేదు."

"అది ఆయనకూ నాకూ మధ్య. ఆయన ఎప్పుడో మర్చిపోయాడు."

"మర్చిపోయాడంటావా."

"నేను తిరిగొచ్చాక పల్లెత్తు మాటన్లేదు. పుస్తకం వచ్చిన నెలకే పోయాడు గానీ, ఉంటే నీ చెవి మెలిపెట్టి మరీ అనిపించేవాడు."

"ఆయన అనిపించేవాడా."

"నవ్వొస్తోందా?"

"లేదు."

"మరి గోడ మీద నాన్న ఫోటో వంక ఎందుకలా చూస్తావు? నా మొహం చూడు. కార్డు కావాలా, వద్దా?"

"కావాలి."

"అయితే నువ్వే అను. నేను విని రాసుకుంటాను. దేనికో కూడా చెప్పాలి."

"బలవంతంగా అనిపిస్తే నీకేమొస్తుందక్కా?"

"అప్పుడు పేరెలాగూ రాలేదు. మాటైనా రానీ."

"ప్రెస్సువాడు..."

"అనవు. నాకు తెలుసు, నీకు నోరు రాదు. ఈ కార్డు మళ్లీ ఖాళీగానే పోతుంది. రేపట్నుంచి నేను రాను. నీ పుస్తకం నువ్వే చూసుకో."

"సారీ."

"దేనికి?"

"మొదటి ముద్రణలో నీ పేరు కొట్టేసినందుకు. సారీ. చాలా?"

"ఉండు, రాసుకోనీ. 'నీ పేరు కొట్టేసినందుకు సారీ.' అన్నది, తమ్ముడు. తేదీ..."

"నా పేరు రాయకు."

"ఎందుకు రాయకూడదు? సిగ్గా?"

"అన్నవాళ్ల పేరే రాయాలన్నావుగా."

"అవును, అదే పద్ధతి."

"అయితే నాన్న పేరు రాయి, ఆయన పోయిన రోజు తేదీ వెయ్యి. కొట్టేసింది ఆయన, ఆ సారీ నీతో చెప్పమని నా చెయ్యి పట్టుకున్నదీ ఆయనే; నువ్వు రోజూ ఆ ఫోటో తుడుస్తుంటే, చెప్పడానికి నాకు నోరు రాలేదు."