ఓడని మళ్లించిన కణాలు

మలేసియాలోని పెనాంగ్‌లో, జీవకణాలు పెంచే ఓ పరిశోధనశాల ఎదురుగా గైక్‌లాన్ ఆంటీ కాఫీ కొట్టు. కరెంటు పోయొచ్చిన ఆ రోజు పదకొండింటికల్లా తేక్‌ఔన్ అంకుల్ అక్కడ సభ పెట్టేశాడు. అక్కడి మైక్రోస్కోపు గదికి టెక్నీషియనూ, కాపలా ఆయనే, మహారాజూ ఆయనే. అంతలో అక్కడే పరిశోధన చేసే మైసారా ఊర్నుంచి బస్సు దిగి, బ్యాగుతోనే పరిగెత్తుకొచ్చింది పాపం.

"అంకుల్! రెండు గంటలు కరెంటు లేదంట కదా, మూడు నెలలు పెంచిన కణాలు! ఉన్నాయా, పోయాయా?"

"కూర్చోమ్మా, విను. నేను చేసిందేముంది? మొన్న నువ్వు చెప్పినట్టే ఒక చుక్క వేశా. అందులో వైరస్సు, కోరలు పీకిన పాములాంటిది, పోస్ట్‌మ్యాన్ పని చేస్తుందంతే. సంచీలో జెల్లీచేప వెలుగు జన్యువు పెట్టుకుని కణం కణానికీ పంచేసింది. ఇవాళ పొద్దున్నే నీలి దీపం వేసి చూద్దును కదా, అబ్బబ్బ! బతికున్న కణం లోపల దారాలు దారాలుగా ఆకుపచ్చ వెలుగు, కదుల్తోంది!"

"అది సరే, ఇప్పుడు..."

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఠప్పున కరెంటు పోయింది! అప్పుడు కణాలు రెచ్చిపోయాయి చూడూ, గది వెలిగింది, వరండా వెలిగింది, మూడంతస్తులూ వెలిగాయి. కింద గార్డు ఆ వెలుగులో పేపరు చదివేశాడు, చిన్నక్షరాలతో సహా! సముద్రంలో పోయే ఓడ లైట్‌హౌస్ అనుకుని ఇటు తిరిగింది!"

"పట్టపగలా?" అంది ఆంటీ, కాఫీ వడగడుతూ.

"పట్టపగలే! వెలుగంటే అదీ!"

మైసారా కళ్లు తుడుచుకుంది. "అంకుల్, నీలి దీపం పడితేనే కదా అవి మెరిసేది. కరెంటు లేకుండా ఆ దీపం ఎవరేశారు?"

అంకుల్ కాఫీ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నేను చెప్తా," అంది ఆంటీ. "కరెంటు లేని ఆ రెండు గంటలూ ఈయన ఇక్కడే, ఈ మూలే. చొక్కా లోపల ఓ డబ్బా, పైన రెండు తువ్వాళ్లు. ఏడో నెలేమో అనుకున్నా! కదలడు, నవ్వడు, చెమటలు."

అంకుల్ తల దించుకున్నాడు. "అవి ముప్పై ఏడు డిగ్రీల్లో ఉండాలిగామ్మా. అక్కడ వాటిని వెచ్చగా ఉంచే కరెంటు పెట్టెలు చల్లబడిపోతున్నాయి. నా పొట్ట తప్ప వెచ్చగా ఇంకేం దొరకలేదు. కరెంటు రాగానే లోపల పెట్టేసి, చూసే వచ్చా. అన్నీ బతికే ఉన్నాయి."

మైసారా ఏడుస్తూనే నవ్వేసింది. "మరి ఇది ముందు చెప్పరే అంకుల్!"

"ఇది చెప్తే ఎవరు నమ్ముతారమ్మా?"